ఉల్లమ్మను బతికించిన రోజు

నేను మోస్తున్నది బరువని చాలాకాలం నాకే తెలియలేదు. గర్వం అనుకున్నాను. రెండూ గుండెలో ఒకేచోట కూర్చుంటాయి కదా. ఛాతీ బిగిసినప్పుడు అది సంతోషంతోనో, ఊపిరాడకో ఎలా తెలుస్తుంది? నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది. నా పేరు మీకు చెప్పను. అది పిరికితనమే. సీరియల్ పేరూ చెప్పను, అందులో పనిచేసినవాళ్ళ అసలు పేర్లూ చెప్పను. మిగతాదంతా చెప్తాను.

బొమ్మలకు కదలిక ఇవ్వడం నా ఉద్యోగం. హానోవర్‌లో ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తాను. జర్మన్ పిల్లల కోసం ఒక అంతరిక్ష సాహసాల కార్టూన్ సీరియల్ తీస్తాం. ఆదివారం పొద్దున టీవీలో వస్తుంది. ఒక పాత ఓడ, అందులో నలుగురు. కెప్టెన్ ఇడా పన్నెండేళ్ళ పిల్ల. ఓడ కదిలితే చాలు, కడుపులో తిప్పుతుంది, కానీ ఎవరికీ చెప్పదు. నల్ అనే రోబో లెక్కల్లో దిట్ట, చీకటంటే మాత్రం హడలు. మిక్ష్ అనే చిన్న జీవి ఏ గ్రహం నుంచి వచ్చిందో దానికే గుర్తులేదు, ఇనుప మేకుల్ని మరమరాల్లా నమిలేస్తుంది. నాలుగో మనిషి ఓడ మెకానిక్కు, టాంటే ఉల్లా. టాంటే అంటే ఇక్కడ అత్తా కావచ్చు, పిన్నీ కావచ్చు. స్టూడియోలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళం మాత్రం ఆమెను ఉల్లమ్మ అని పిలుచుకునేవాళ్ళం. ఉల్లం అంటే మన పాత మాటల్లో మనసు. అందుకే ఆ పేరు నాకు మరీ నచ్చింది.

ఇద్దరం అంటే నేనూ, మెర్సీ అక్కా.

మెర్సీ అక్కది తెనాలి. నాది రేపల్లె. నాకంటే పెద్దది, నాకంటే ముందునుంచీ అక్కడ పనిచేస్తోంది. ఆమె గట్టిగా చెప్పబట్టే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. దిగిన కొత్తలో నా చిరునామా నమోదుకి, ఆ ఆన్మెల్డుంగ్‌కి, తనే సెలవు పెట్టి వెంట వచ్చి, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగిని అడిగినవాటికి నా బదులు జవాబులు చెప్పింది. భర్త కాట్‌బస్‌లో యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంటే, ఆమె చిన్నపిల్ల టీనాతో హానోవర్‌లో ఉండేది. స్టూడియోలో ఆమె పని ఆఖరి పని. మేమంతా చేసిన ముక్కల్ని కలిపి, రంగూ శబ్దమూ సరిచూసి, పూర్తయిన భాగాన్ని చానెల్‌కి పంపడం. ఆమె చేతిమీదుగా వెళ్ళినదాన్ని ఇంకెవరూ తిరిగి చూసేవారు కాదు. అవసరమే వచ్చేది కాదు.

ఉల్లమ్మ నా చేతికి వచ్చేటప్పటికి ఒట్టి చిరాకు ముసలమ్మ. వంగిన నడుము, పొడుగాటి ముక్కు, పిల్లలు నవ్వడానికి రెండు తిట్లు. నాకు నచ్చలేదు. ఎదురు బల్ల దగ్గర కూర్చున్న మెర్సీ అక్కను చూడటం మొదలుపెట్టాను. పెన్సిల్ కొప్పులో గుచ్చుకుని దానికోసం బల్లంతా వెతుకుతుంది. కంప్యూటర్ మొరాయిస్తే తిట్టదు, దగ్గరికి వంగి చెవి పెట్టి వింటుంది. ఎవరైనా గొప్పలు పోతుంటే ఏమీ అనదు, ఒక కనుబొమ్మ లేపుతుంది. ఇవన్నీ ఉల్లమ్మకి ఇచ్చాను. పెన్సిల్ బదులు స్పానర్, కంప్యూటర్ బదులు ఓడ ఇంజను. బొమ్మ లేచి కూర్చుంది. ఇది సొంత డబ్బా కాదు. కాదా? సరే, సొంత డబ్బానే. ఆ పని నేను బాగా చేశాను. అంత బాగా అంతకుముందూ చెయ్యలేదు, ఆ తరవాతా చెయ్యలేదు. అక్క తెరమీద చూసి, తన నడక తనకే అప్పచెప్పానని పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదటి సీజన్ ఆఖరి భాగంలో ఓడ ఒక చందమామ మీద మంచు కింద చిక్కుకుంటుంది. అది బయటపడాలంటే ఎవరో ఒకరు బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. ఉల్లమ్మ పట్టుకుంటుంది. మొదట రాసుకున్న కథలో, ఓడ లేచే క్షణంలో మిగతా ముగ్గురూ ఆమెను లోపలికి లాగేస్తారు. చీకటికి హడలిపోయే నల్ ఆ చీకట్లోకి ముందుగా చెయ్యి చాస్తాడు. ఆ ఘట్టం పూర్తిచేశాక చానెల్ వాళ్ళు మనసు మార్చుకున్నారు. ముసలామె మంచులోనే ఉండిపోవాలన్నారు, వచ్చే సీజన్‌కి ఆమె బదులు ఒక కుర్ర పైలట్ వస్తాడన్నారు. డైరెక్టర్ ఒప్పుకున్నాడు. నాకొచ్చిన జర్మన్‌లో నేను వాదించాను. మర్యాదగా విన్నారు. ఆ రెండో ముగింపుకీ నేనే ప్రాణం పొయ్యాలి, అంటే ఆమె ప్రాణం నేనే తియ్యాలి. తీశాను. రెండు ముగింపులూ కంప్యూటర్లలో పక్కపక్కనే ఉన్నాయి.

పంపాల్సిన రోజు మధ్యాహ్నం అక్కకు టీనా వెళ్ళే పసిపిల్లల బడి, ఆ కీటా నుంచి ఫోన్ వచ్చింది. టీనాకి జ్వరం, వెంటనే తీసుకెళ్ళమన్నారు. వెళ్తూ వెళ్తూ తన కంప్యూటర్ కాసేపు చూస్తూ ఉండమని నాకు చెప్పింది. తాను పొద్దున్నే అంతా చూసేశానని, వచ్చాక పంపడమే మిగిలిందని అంది. తెరిచి ఉన్నదాన్ని మూయకుండా, తాళం వెయ్యకుండా, నన్ను నమ్మి వెళ్ళింది.

నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. చివరి ముక్క తీసేశాను. ఉల్లమ్మ బతికే ముక్క పెట్టాను.

చేతులు వణకలేదు. వణికాయని రాస్తే మీరు నన్ను కొంచెం మెత్తగా చూస్తారు, అందుకే చెప్తున్నాను, వణకలేదు. హాయిగా ఉంది. అక్క గురించి ఆలోచించలేదా? పంపేముందు ఎవరో ఒకరు చూసి సరిచేస్తారని, నా కోపం మాత్రం తీరుతుందని అనుకున్నానని తరవాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. పొద్దున చూసినదాన్ని ఆమె మళ్ళీ చూడదని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసిన మనిషిని స్టూడియో మొత్తంలో నేనొక్కణ్ణే, ఎందుకంటే ఆమె చెప్పింది నాతోనే.

పిల్లను భుజాన వేసుకుని తిరిగొచ్చింది. నిలబడే, ఒంటిచేత్తో, పంపేసింది.

ఆదివారం అది టీవీలో వచ్చింది. సోమవారం స్టూడియోలో తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. ఆ తరవాత పిల్లలు వేసిన బొమ్మలు రావడం మొదలైంది, అన్నిట్లోనూ కొప్పులో స్పానర్ ఉన్న ముసలామే. కుర్ర పైలట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చానెల్ ఉల్లమ్మను ఉంచుకుంది. కానీ జరిగినదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. అది వెళ్ళింది అక్క కంప్యూటర్ నుంచి, అక్క పేరు మీద. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకి అయిపోతుంది. పొడిగించలేదు. ఎవరూ అరవలేదు. ఇక్కడ అరవరు. మెల్లగా ఒక్క వాక్యం చెప్తారు, అంతటితో అయిపోతుంది.

ఆమె ఆఖరి రోజు సాయంత్రం ట్రామ్ స్టాప్ దాకా ఆమె సామాను పెట్టె నేను మోసుకెళ్ళాను.

"తమ్ముడూ, ఒకటి అడుగుతా, ఏమనుకోకు," అంది. "నేను కీటాకి వెళ్ళినప్పుడు నా సిస్టమ్ దగ్గర ఎవరన్నా కూర్చున్నారా?"

"లేదక్కా. నేనక్కడే ఉన్నాగా."

"నువ్వేమన్నా ముట్టుకున్నావా? పొరపాట్న?"

"లేదక్కా."

నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే ఆమెకు అర్థమయ్యేదేమో.

"అయితే నేనే చేసుంటా. పిల్ల ఒళ్ళు కాలిపోతా ఉంది, ఆ వేడి తప్ప ఇంకేం గుర్తులేదు నాకు. రెండు ఫైళ్ళ పేర్లూ ఒకేలా ఉన్నాయి. ఏది పెట్టానో ఏమో."

ట్రామ్ వచ్చింది. పెట్టె ఎక్కించాను. థాంక్స్ అంది.

ఆమె కాట్‌బస్ వెళ్ళిపోయే ముందు ఒక ఆదివారం మన తెలుగు క్రైస్తవుల ప్రార్థన సహవాసంలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. సీరియల్‌కి మంచి పేరు వచ్చిందని, దేవుడు నా చేతిపనిని దీవించాడని చెప్పాను. ప్రార్థనలో తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని కూడా అన్నాను, అందరూ అనే మాటే కదా. వెనక వరసలో టీనాను ఒళ్ళో పెట్టుకుని అక్క ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా.

తరవాతి ఏళ్ళు నావి. సీజన్ మీద సీజన్ వచ్చింది. ఉల్లమ్మ లేని పోస్టర్ లేదు. ఒక ఫిబ్రవరిలో, పిల్లలు వేషాలు వేసుకునే పండగ రోజు, ట్రామ్‌లో ఒక చిన్నపిల్ల నెరిసిన విగ్గు పెట్టుకుని, అందులో చెక్క గరిట గుచ్చుకుని ఎక్కింది. ట్రామ్ గోడకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. పక్కనున్న వాళ్ళ నాన్న ఇంజను ఏమంటోందని అడిగాడు. బాగానే ఉందట, కాస్త నూనె కావాలట. నేను దిగాల్సిన చోటు దాటిపోయినా దిగలేదు. అంత ఆనందం. అలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ దాచుకున్నాను. వాటిలో ఒక్కదాన్నీ ఇప్పుడు కూడా వదులుకోలేను.

అక్క గురించి ఏమనుకున్నానంటే, ఉద్యోగమే కదా పోయింది, ఇంకోటి దొరుకుతుంది అని. భర్త దగ్గరికి చేరింది, సుఖంగా ఉంటుంది అని. ఆమె మళ్ళీ మా రంగంలోకి రాలేదని, ఒక బేకరీలో చేస్తోందని విన్నప్పుడు, పిల్ల కోసం తీసుకున్న నిర్ణయం అనుకున్నాను. నాకు అనుకూలంగా ఎన్ని అనుకోవచ్చో అన్నీ అనుకున్నాను.

కిందటి చలికాలం పనిమీద కాట్‌బస్ వైపు వెళ్ళి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. గోంగూర మాంసం వండింది. టీనా పెద్దదైంది, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తోంది. ఆమెకు ఉల్లమ్మ అంటే ఇష్టమట. నన్ను స్టేషన్‌కి దిగబెట్టడానికి ముగ్గురం బయల్దేరాం. అక్క తలుపు తాళం వేసి కిందికి దిగింది. మళ్ళీ పైకెళ్ళి తలుపు లాగి చూసింది. దిగింది. మళ్ళీ వెళ్ళింది. తలుపు వేసే ఉందమ్మా అని టీనా విసుగ్గా జర్మన్‌లో అంది, రోజూ అనే మాటలా.

అక్క సిగ్గుపడింది. "ఆ స్టూడియోలో తప్పు చేసినప్పట్నుంచీ ఇంతే తమ్ముడూ. స్టవ్వు ఆపానా, తాళం వేశానా, ఏదీ నమ్మకం ఉండదు. నా చేతుల్ని నేనే నమ్మను. అందుకే మళ్ళీ ఆ పని జోలికి పోలేదు."

నేను ఆమె ఉద్యోగం తీశాననుకున్నాను. అంతకంటే లోపల ఉన్నదేదో తీశాను. చెయ్యని తప్పును చేశానని నమ్మి బతికే మనిషిని ఎప్పుడైనా చూశారా? మొహంలో ఏమీ తెలియదు. మెట్లెక్కి దిగడంలో తెలుస్తుంది.

ఆ రోజు స్టేషన్లో చెప్పొచ్చు. చెప్పలేదు. టీనా ఉందని సాకు దొరికింది. ఆ తరవాత వారాలపాటు సాకులే. చివరికి ఒక శనివారం ఉదయం ఫోన్ చేసి, బాగున్నారా అని కూడా అడగకుండా చెప్పేశాను. ఆ రోజు ముగింపు మార్చింది నేను. మీ కుర్చీలో కూర్చుని మార్చాను. స్టాప్ దగ్గర మీరు అడిగితే అబద్ధం చెప్పాను.

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అయితే నేను సరైనదే పెట్టానన్నమాట," అంది.

అవునక్కా అన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఆ తరవాత చెయ్యలేదు. నేను చేస్తే తియ్యలేదు. స్టూడియోలో అందరి ముందూ తప్పు ఆమెది కాదని, నాదని చెప్పాను. నన్ను ఏం చెయ్యాలో ఇంకా తేల్చలేదు. వాళ్ళు ఏం తేల్చినా నాకు అభ్యంతరం లేదు. నన్ను క్షమించమని అక్కను అడగలేదు. అడిగితే ఆమె మళ్ళీ నాకు ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. ఇప్పటికే చాలా ఇచ్చింది.

ఉల్లమ్మ విషయంలో నాకు పశ్చాత్తాపం ఉందా? వెతికాను. నిజంగా వెతికాను. దొరకలేదు. ఆమె మంచులో చచ్చిపోకూడదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే ఆమెను బతికించడానికి నా పేరు పెట్టి పోట్లాడాల్సింది, ఓడితే ఓడిపోవాల్సింది, కావాలంటే నా ఉద్యోగం పోగొట్టుకోవాల్సింది. నేను ఇంకొకరి చేత్తో గెలిచాను. ఇది తెలిశాక కూడా గర్వం పోలేదు. పోయిందని చెప్తే ఇది ఇంకో అబద్ధం అవుతుంది.

ఈ ఆదివారం కొత్త భాగం వస్తుంది. చూస్తాను, గర్వపడతాను. ఆ ముసలామెను ఎలా బతికించారని ఎవరైనా అడిగితే ఇదివరకు నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇక ఊరుకోను. కూర్చోమని, మొత్తం చెప్తాను.