నల్లబడని ఆయిలు

తాత ఎవరినైనా మెచ్చుకోగా విన్నవాళ్లు ఇంతవరకూ లేరు. తన డీజిల్ పికప్‌ను దాటి ముందుకెళ్లిన ప్రతివాడూ చావడానికి తొందరపడుతున్నవాడు. వెనకే ఉండిపోయినవాడు బండి నడపడం చేతకానివాడు. సరిగ్గా తాత వేగంతో వెళ్లేవాడు ఇంకా పుట్టలేదు.

ఆ బండిలో ఆయన అద్దాలు మోస్తాడు. నిలువెత్తు కిటికీ అద్దాలను ఏటవాలు చెక్క చట్రానికి ఆనించి, మధ్యలో గోనెపట్టాలు పెట్టి, తాళ్లతో బిగిస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క పలక పగల్లేదు. బండే ఈ మధ్య రెండుసార్లు దారిలో మొరాయించింది. అద్దాల షావుకారు మెత్తగానే చెప్పాడు.

"పెద్దాయనా, బుధవారం కొత్త ఆస్పత్రికి కిటికీలు వెళ్లాలి. ఈసారి కూడా ఆగిందంటే వేరే బండి చూసుకుంటాను. ఏమీ అనుకోవద్దు."

తాత అక్కడ ఏమీ అనుకోలేదు. షావుకారుకు గాజుకీ గాలికీ తేడా తెలీదని ఇంటికొచ్చి పదిసార్లు అన్నాడు. ఈ పని పోతే తనను పిలిచే కొట్టు ఇంకోటి లేదు. బండి వాకిట్లో తుప్పు పట్టాల్సిందే. ఆ సంగతి తెలుసు కాబట్టే పదిసార్లు.

చిన్నల్లుడు మెకానిక్కు. గ్యారేజీ వీధి చివరే. వారం కిందట అతనే బండి తీసుకెళ్లి, పాత ఆయిల్ తీసేసి, డీజిల్ ఇంజిన్లకు పోసే ఆయిల్ పోసి పంపాడు. ఆరో రోజుకల్లా అది కాటుకలా నల్లబడింది. తాత ఆయిల్ మట్టం చూసే పుల్లను కత్తిలా పట్టుకుని గ్యారేజీ మీదికి దండెత్తాడు.

"ఏమోయ్, ఎవడి బండిలోంచి తీసి నా బండిలో పోశావు?"

"కొత్త డబ్బానే మావయ్యా. మీ ఎదురుగానే మూత తీశాను."

"మూత కొత్తదేలే. లోపలిది?"

"డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడాలి మావయ్యా. దాని పనే అది."

"నల్లబడటం కూడా ఒక పనేనా! అయితే మీ వంటింట్లో బాణలికి కూడా జీతమిచ్చుకో."

చిన్నల్లుడు పానా తుడుచుకుంటూ ఊరుకున్నాడు. తాతకు అదీ నచ్చలేదు. ఎదురు మాట్లాడనివాడిని ఎంతసేపని తిడతాం?

మంగళవారం పొద్దున్నే ఆ నల్లటి ఆయిల్‌ను తానే దింపేసి, ఆయిల్ అమ్మే కొట్టుకు నడిచి వెళ్లాడు. ఆయిల్‌కు తాత పెట్టే పరీక్ష ఒకటే. మూతలో కాస్త పోయించుకుని ఎండకు పట్టి చూస్తాడు. తేనెలా మెరవాలి. రెండు నెలలైనా ఆ మెరుపు పోకూడదు. ఇన్నేళ్లుగా అలాంటిదే ఏరికోరి పోస్తున్నాడు.

"అది పెట్రోల్ కార్లకండీ, మీది డీజిల్ బండి కదా," అన్నాడు కొట్టువాడు, డబ్బా మీది అక్షరాలు చూపిస్తూ.

"నా బండికి చదువు రాదు. అది ఇటివ్వు. గ్రీజు కూడా."

"చక్రాల బేరింగులకా, కింద కీళ్లకా? బేరింగులకైతే వేడికి కరగనిది వాడాలి..."

తాత ఆ గ్రీజును బొటనవేలితో నలిపి, వాసన చూసి, మొహం చిట్లించాడు. "ఇది గ్రీజా, తలనొప్పి మందా?" అంటూ అన్నిటికీ కలిపి పసుపురంగు గ్రీజు డబ్బా ఒకటి చంకన పెట్టుకున్నాడు. కొట్టువాడు డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. తాత దాన్ని తన గెలుపుగా భావించాడు.

ఇంటికొచ్చి చక్రాల బేరింగులకు పసుపు గ్రీజు పట్టించి, కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్‌ను పది నిమిషాలు తిప్పి, పుల్ల బయటికి లాగి, బట్టలు ఉతుకుతున్న అమ్మమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

"చూడు! నీ అల్లుడు పోసింది బొగ్గు. ఇదీ ఆయిలంటే!"

అమ్మమ్మ చొక్కా కాలరు రుద్దడం ఆపలేదు. "ఈ తొట్టిలో నీళ్లు చూశారా?"

"మురికిగా ఉన్నాయి. అయితే ఏంటట?"

"మీ చొక్కాదే ఆ మురికి. నీళ్లు తేటగా మిగిలాయంటే చొక్కా ఉతకనట్టు. మీరైతే నీళ్లు భలే ఉన్నాయని వీధంతా చూపించుకు తిరిగేవారు."

"చొక్కాకీ ఇంజిన్‌కీ..." అని మొదలుపెట్టి, పుల్ల పట్టుకుని బండి వైపు నడిచాడు తాత.

ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, ఇంజిన్ మీద ఆయిల్ పోసే మూత తీసి వేలు పెట్టాడు. వేలికి తారులాంటి ముద్ద అంటుకుంది. ఇంకో వేలు పెట్టాడు. దానికీ అంతే. ఇన్నేళ్ల మసీ లోపలే పేరుకుపోయి కూర్చుంది. తన తేనెరంగు ఆయిల్ దాని మీదుగా దర్జాగా పారుతోంది. తాత బంపర్ మీద కూలబడ్డాడు. తిట్టడానికి చుట్టూ ఎవరూ కనిపించలేదు. ఆ పరిస్థితి ఆయనకు బొత్తిగా కొత్త.

మూత బిగించేస్తే ఎవరికీ తెలీదు. కానీ ఆస్పత్రి ఎత్తు మీదుంది, లోడు రేపే. తాత బండి ఎక్కి గ్యారేజీకి పోనిచ్చాడు.

"ఖాళీగా ఉన్నావా? ఎప్పుడూ ఖాళీయేగా. ఆ మూత తీసి చూడు."

చిన్నల్లుడు చూశాడు. బండి కిందికి దూరి ఆయిల్ ఛాంబర్ విప్పి, లోపల ఆయిల్‌ను వడకట్టే జాలీ తెచ్చి చూపించాడు. సగానికి పైగా మూసుకుపోయింది.

"రేపు ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ అందకపోతే ఇంజిన్ పట్టేసేది మావయ్యా."

"తెలుసు. తెలీకుండానే తెచ్చానా?"

"సరే. మరి ఏ ఆయిల్ పొయ్యమంటారు?"

తాత గోడకేసి చూశాడు. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు. "నల్లబడేదే పోసి ఏడు."

"గ్రీజు?"

"అన్నీ నన్నే అడిగితే నువ్వెందుకు?"

చిన్నల్లుడు లోపలి మసి గోకి కడిగి, ముందు చక్రాలు విప్పి, బేరింగుల్లోని పసుపు గ్రీజంతా కిరోసిన్‌తో తీసి, వేడికి కరగనిది పట్టించాడు. దీపాలు పెట్టే వేళకు పని ముగిసింది.

బుధవారం చిన్నల్లుడు పిలవకుండానే వచ్చి బండిలో తాత పక్కన కూర్చున్నాడు. ఎత్తు మొదలవగానే తాత చూపు ఆయిల్ అందకపోతే వెలిగే ఎర్ర లైటుకు అతుక్కుపోయింది.

"మావయ్యా, రోడ్డు ముందుంది."

"నాకు చెప్పొచ్చావా?"

లైటు వెలగలేదు. పలకలన్నీ క్షేమంగా దిగాయి. షావుకారు ఒక్కొక్కటీ తట్టి చూసుకుని, "పై అంతస్తు అద్దాలు కూడా మీరే తీసుకురండి పెద్దాయనా. బండి కుదురుకున్నట్టుంది. ఎవరు చూస్తున్నారేంటి?" అన్నాడు.

తాత గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో ఒకడున్నాడు. మనిషి మొద్దే. పని మాత్రం... పర్వాలేదు."

చిన్నల్లుడు తాడు చుట్టడం ఆపేశాడు. "ఏంటి మావయ్యా? వినపడలేదు."

"తాడు సరిగ్గా చుట్టమన్నాను."