ప్రొద్దుటూరు బట్టలంగట్లో రంగులు

ఏ భాషలోనైనా రంగుల పేర్లు నలుపు, తెలుపులతో మొదలై, ఎరుపు చేరి, అలా పెరుగుతూ పోతాయని డిగ్రీలో మా లెక్చరర్ చెప్పాడు. మా జిల్లాలో అవి వెనక్కి నడిచిన సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

డిగ్రీ పాసైనందుకు నాకు ప్రొద్దుటూరులో ఒక బట్టలంగట్లో పని దొరికింది. ఆడవాళ్లు మెంతి రంగు, చిలకపచ్చ, నెమలికంఠం అని అడిగేవాళ్లు. ఎలక్షన్లు దగ్గరపడేకొద్దీ మగవాళ్లకు రెండే రంగులు మిగిలేవి: మనది, వాళ్లది. పసుపుపచ్చ చొక్కాతో కొన్ని ఊళ్లలో బస్సు దిగకూడదు. మూడు రంగుల కండువాతో మరికొన్ని ఊళ్లలో దిగకూడదు.

మా మేనమామ జమ్మలమడుగు అవతల బడిపంతులు. చర్చిలో పాటలు పాడించడం తప్ప ఏ వర్గంలోనూ లేడు. పులివెందుల దగ్గర పెండ్లికి పోవాలి, దారిలో రెండు వర్గాల ఊళ్లూ తగులుతాయి. చొక్కా గుడ్డకు అంగడికొచ్చాడు.

"తెల్లది చింపు అల్లుడా. దాని జోలికి ఎవురూ రారు."

"తెల్లదేస్తే లీడరు మాదిరుంటావు మామా."

"ఈ బక్క పానాన్ని జూసి లీడరంటే, ఆ లీడరే కేసేస్తాడు పో!"

ఇద్దరం నవ్వుకున్నాం. తెల్లదే చింపిచ్చాను. మా వైపు తెలుపు రంగు కాదు, హోదా. గంజి పెట్టిన తెల్ల చొక్కా, జీపులో ముందు సీటు: మనిషి ఎవరో చెప్పడానికి అవి చాలు. అందరికీ తెలిసిన సంగతే, అందుకే ఎవరికీ తట్టలేదు.

పెండ్లి నుంచి తిరిగొస్తుంటే మామకు బస్సు తప్పిపోయింది. ఒక సర్వీసు జీపు ఆపితే, అందులోని జనం పంతులుగారని మర్యాద చేసి ముందు సీటు ఖాళీ చేశారు. వంక దగ్గర కొందరు ఎదుటి వర్గం లీడరు కోసం కాచుకుని ఉన్నారు. జీపు ముందు సీట్లో తెల్ల చొక్కా కనిపించింది. బాంబులేశారు.

పొరపాటైందని తర్వాత కబురు పంపారు. మర్యాదస్తులు.

మా చర్చివాళ్లలో శవపెట్టె లోపల తెల్లగుడ్డ పరుస్తారు. నేను తీసుకుపోయిన గుడ్డను అత్త తాకలేదు.

"తెలుపు వద్దు నాయనా. ఇంగొకటి తే."

మళ్లీ అంగడికి పోయాను. సమాధి చేసేటప్పుడు రెండు వర్గాలవాళ్లూ వస్తారు. ఏ తాను తీసినా ఎవరిదో ఒకరిదిగా కనిపించింది. చివరికి బిస్కెట్ రంగుది చింపించుకొచ్చాను.

అత్త దాన్ని చేత్తో తడిమి చూసింది.

"మీ మామకు ఈ రంగు బాగుండదు నాయనా" అంది.

అయినా అదే పరిచాం.