చక్రం కింద నిమ్మకాయ

బోగోలులో నాకొక లేత్ షాపుంది. దానికి దగ్గర్లోనే, ఒక ప్రభుత్వ ఆఫీసు వెనక తుమ్మచెట్లలో, బుల్లి ఆవిరి ఇంజను ఒకటి తుప్పుపట్టి పడి ఉండేది. ఒకప్పుడు చిన్న పట్టాల మీద కాలవ పనులకు రాళ్లు లాగిందట. చచ్చేలోగా దాన్ని నాలుగడుగులైనా నడిపించాలని నా పిచ్చి.

ఆఫీసరుగారు "చేసుకోండి" అన్నారు నోటిమాటగా. జువ్వలదిన్నెలో పడవల ఇంజన్లు బాగుచేసే అన్న ఒకాయన తోడొచ్చాడు. ప్రతి ఆదివారం బిగుసుకుపోయిన ఇరుసుల్లో డీజిలు పోసి, గునపాలతో చక్రాలను అదిలించేవాళ్లం. "ఇంట్లో మోటారు చెడి వారమైంది, దాన్ని చూసే దిక్కు లేదు గానీ" అని నా భార్య సణిగేది. నిజమే.

ఏడో నెలలో చక్రం జానెడు కదిలింది. అన్న గునపం పక్కన పడేసి, "కదిలింది, చూసినావా" అని అక్కడే కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక బాయిలరు పరీక్ష చేయించాలని అర్జీ పెట్టాను. మూడుసార్లు తిరిగాక ఆఫీసరుగారు, "సుందరీకరణ పని మంజూరైంది, మీరింక శ్రమపడొద్దు" అన్నారు. రెండు వారాలకు వెళ్లి చూస్తే ఇంజను సిమెంటు దిమ్మె మీద ఉంది. ఇరుసుల నిండా ఆకుపచ్చ రంగు కొట్టారు. చక్రాలను పట్టాలకు వెల్డింగ్ చేశారు.

"ఎందుకు సార్?" అన్నాను.

"ఎవరన్నా తోసుకుపోతే మా మెడకు చుట్టుకుంటాది గదా."

అంత ఇనుమును చంకలో పెట్టుకుపోతారా? అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఆ రోజు షాపులో కనబడ్డవాళ్లందరి మీదా అరిచాను.

ప్రారంభం రోజు, కొత్త బండికి చేసినట్టే పూజ చేశారు. దండ వేశారు, కుంకుమ పెట్టారు, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. పూజారిగారు హారతి ఇచ్చి, "బండిని రవ్వంత ముందుకు జరపండయ్యా" అన్నారు.

అందరూ ఆఫీసరుగారి వైపు చూశారు. చివరికి అన్నే, "జరగదు సామీ, అతికేసినారు" అన్నాడు.

ఆఫీసరుగారు వంగి ఒక నిమ్మకాయ తీసి, బూటు కింద వేసి తొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోది చక్రం కిందే ఉండిపోయింది. అది నలగడానికి జానెడు కదిలితే చాలు. ఆ జానెడు మేం ఎప్పుడో కదిలించాం.