టకోమా బస్సులో ఫుజిసాన్

మా ఇంటి పార్టీల్లో ‘పిచ్చి జపాన్ తాత’ కథ చెప్పి ఎన్నో ఏళ్ళుగా నవ్విస్తున్నాను. అందులో ముగింపు అబద్ధం.

1980ల్లో ఒక మధ్యాహ్నం, సియాటిల్ నుంచి టకోమా వెళ్ళే బస్సులో ఆ తాత నా పక్కన కూర్చున్నాడు. స్నేహితుడు మూర్తి మా ముందు సీట్లో ఉన్నాడు. ఒక మలుపులో మబ్బులు విడిపోయి రేనియర్ కొండ కనబడగానే ఆయన “ఫుజిసాన్” అన్నాడు. ఇక్కడి జపాన్ వాళ్ళు తమ దేశపు ఫుజి కొండను తలుచుకుని దాన్ని టకోమా ఫుజి అంటారట. సాన్ అంటే కొండ. ఫుజి అన్న పేరు ఎలా పుట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదనీ, చావులేనిదని అర్థమని ఒక కథ ఉందనీ చెప్పాడు.

“నా భార్యది చైనా. మేం రాసేదీ చైనా అక్షరాలతోనే; ఫుజిసాన్ అని నేను చదివే అక్షరాలనే ఆమె ఫుషిషాన్ అని చదివేది. ఈ మలుపులో నేను నా మాట అనేవాణ్ణి, ఆమె తన మాట అనేది. నలభై ఏళ్ళు. పోయిన నెల చనిపోయింది. ఒక్కసారి ఆమెలా అంటారా?”

“అనరా బాబూ, ఫ్రీ ఎంటర్‌టైన్‌మెంట్!” అన్నాడు మూర్తి తెలుగులో.

నేను వేళ్ళతో కళ్ళు సాగదీసి, ముక్కుతో “ఫుంగ్ షింగ్ షాంగ్” అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆఫీసులో నా పేరు వంకరగా పిలిచారని ఆ వారమే మూర్తి దగ్గర మండిపడ్డాను.

ఆయన కూడా నవ్వాడని పార్టీల్లో చెబుతాను. నవ్వలేదు. టోపీ తీసుకుని లేచి, అటుపక్క, కొండ కనబడని కిటికీ దగ్గర కూర్చున్నాడు. టకోమా దాకా ఇటు తిరగలేదు.