జములమ్మ చెప్పిన పదేండ్లు

మల్దకల్‌లో మా గోడ పక్క ఇల్లు జములమ్మది. సీడు పత్తి చేలో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగు పనికి ఆమె వచ్చిందంటే కూలీలకు పొద్దు ఎలా పోయిందో తెలియదు. ఏ సంగతైనా ఆమె నోట్లో పడి బయటికొచ్చేసరికి రెండింతలవుతుంది. జెర్రిపోతు కనబడితే నాగుపాము అంటుంది, తుంపర పడితే వాగులు పారాయంటుంది. మేం సగం తీసేసి వింటాం. అబద్ధాలకోరు మాత్రం కాదు. చిన్నగా చెబితే మనలాంటి వాళ్ళ మాట ఎవరూ పట్టించుకోరని ఆమె నమ్మకం. ట్రాన్స్‌ఫార్మర్ పేలి వీధి తగలబడేట్టుందని చెప్పింది గనకే కరెంటాయన ఆ సాయంత్రమే వచ్చి ఫ్యూజు వేసిపోయాడు. ఆ రోజు నేనూ మెచ్చుకున్నాను.

ఆమె మొగుడు నాగన్న నెమ్మదస్తుడు. నిరుడు కాలికి ముల్లు గుచ్చుకుని పుండు మానకపోతే గద్వాల తీసుకెళ్ళారు. షుగరని అప్పుడే తెలిసింది. అంతకుముందు ఆయన దవాఖాన మెట్టు ఎక్కి ఎరుగడు. వేలు తీసేయాలన్నారు. అన్నదమ్ములు వేరుపడ్డాక పెట్టుకున్న రేషన్ కార్డు ఇంకా రాలేదు కాబట్టి ఆరోగ్యశ్రీ ఆశ లేదు. కానీ పంట అప్పు తిరగరాసేటప్పుడు బ్యాంకువాళ్ళు అంటగట్టిన ఆరోగ్య బీమా ఒకటుంది. అప్పటికి అది మూడేళ్ళది. ఆ ధైర్యంతోనే ప్రైవేటు దవాఖానలో చేర్పించారు.

చేర్చుకునేటప్పుడు డాక్టరు, షుగరు ఎన్నాళ్ళ నుంచని అడిగాడు. మొన్ననే తెలిసిందంటే తేలిగ్గా తీసుకుంటాడని జములమ్మకు భయం పట్టుకుంది.

"పదేండ్ల సంది ఈ పాడు రోగంతోనే బతుకుతుండు సారూ, జర మంచిగ చూడు" అంది.

ఆయన రాసుకున్నాడు. మంచిగానే చూశాడు. తను చెప్పిన పదేళ్ళను జములమ్మ ఆ గడప దాటకముందే మరిచిపోయింది.

బీమావాళ్ళు మరిచిపోలేదు. డాక్టరు రాసిన కాగితం చూపి, ముందే ఉన్న రోగం దాచి పాలసీ తీసుకున్నారు, పైసా రాదన్నారు. వాళ్ళ ఆఫీసు చుట్టూ ఆమెతో పాటు నేనూ తిరిగాను. ఆ పదేళ్ళు ఉత్తమాటేనని బీచుపల్లి అంజన్న మీద ఒట్టేసింది. ఒట్లు పనికిరావు, అప్పుడు రోగం లేదని రుజువు తెమ్మన్నారు. లేని రోగానికి రుజువు ఎక్కడ దొరుకుతుంది? దవాఖాన ముఖమే చూడని మనిషికి చీటీలు ఎక్కడివి? నాకు ఒళ్ళు మండింది కానీ నా మంట ఎవరిక్కావాలి. డాక్టరును బతిమాలితే, మీరు చెప్పిందే రాశాను, ఇప్పుడు మారిస్తే నా మెడకు చుట్టుకుంటుందన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను. కోడెలు అమ్మి బిల్లు కట్టారు. ఈ ఏడు బీమా కంతు మాత్రం బ్యాంకు ఖాతాలోంచి అడక్కుండానే కట్ చేసుకున్నారు.

అప్పటి నుంచి జములమ్మ మాట్లాడటం తగ్గించేసింది. చేలో ఎవరైనా పలకరిస్తే అవును, కాదు, అంతే. ఆమె నాగుపాముల కోసం నాకు బెంగగా ఉండేది.

మొన్న నాగన్న ముఖం, కాళ్ళు ఉబ్బాయి. మొన్న కాదు, దసరా నుంచే. పత్తి ఏరడం అయ్యాక చూద్దామని ఊరుకున్నారు. ఆయాసం మొదలయ్యాక నేనే ఆటో మాట్లాడాను. గద్వాల వద్దంటే వద్దంది జములమ్మ. వనపర్తి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ఓపిక గల పిల్ల. వాపు ఎప్పటి నుంచని అడిగింది.

"ఇయ్యాల పొద్దుగాల నుంచే" అంది జములమ్మ, గొంతు తగ్గించి.

కాదు, దసరా నుంచని నేను కల్పించుకున్నాను.

"ఆమె పక్కింటామె. ఆమెకేం తెల్వదు" అంది నా వైపు చూడకుండా.

డాక్టరమ్మ నాగన్ననే అడిగింది. ఆయన పెళ్ళాం ముఖం చూసి, అవునని తలూపాడు. ఆయాసం నడిచొచ్చినందుకేమోనని, వాపు ఒక్కపూటదే కదా అని ఆ పిల్ల మాత్రలు రాసి, తగ్గకపోతే వారం తర్వాత రండి, రక్తపరీక్షలు చేద్దామంది.

తిరుగు దారిలో నాగన్న ఆటో కడ్డీకి తల ఆనించి ఎగశ్వాస తీస్తున్నాడు. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. చాలా రోజులకు జములమ్మ తనంతట తానే నోరు తెరిచింది.

"అక్కా, గీసారి చిన్నగనే చెప్పిన గదా. గిప్పుడన్న బీమోళ్ళు ఇస్తరు గదా?"