ఒక్క చింతపిక్క తక్కువ

నా చిన్నప్పుడు, అరవై ఏడో అరవై ఎనిమిదో, ఒక వేసవిలో నన్ను దొంగని చేశారు. పోయిందల్లా ఒక్క చింతపిక్క.

నెల్లిమర్ల దగ్గర పల్లెలో మా అమ్మ పుట్టిల్లు. మావయ్యల పిల్లలంతా అక్కడివాళ్ళే. నేనొక్కదాన్నే సెలవులకి పాతపట్నం నుంచి వచ్చినదాన్ని. మేం ఎండల్లో పడి తిరుగుతున్నామని తాతయ్య బుట్టెడు చింతపిక్కలు మా ముందు కుమ్మరించి, సమానంగా పంచుకోమన్నాడు. ఒక్కటి మిగలకుండా, ఒక్కటి తగ్గకుండా వస్తే అందర్నీ రామతీర్థం తీసుకెళ్తానన్నాడు.

మొదటి రోజు నలుగురం. వరసగా ఒక్కో పిక్కా వేసుకుంటూ పోతే చివర్న ఒకరికి ఒకటి తగ్గింది. ఎక్కడో దొర్లిపోయిందనుకున్నాం. మర్నాడు చిన్న మావయ్య పిల్లలు ఇద్దరు చేరారు. ఆరుగురికీ ఒకటే తక్కువ. వాళ్ళలో ఒకడికి జ్వరమొచ్చి ఐదుగురం మిగిలితే, అప్పుడూ అదే ఒక్కటి. ఎంతమంది కూర్చున్నా సరిగ్గా ఒకటే తగ్గుతోందంటే ఎవరో దాస్తున్నారన్నమాట. ఇక ఒకరి గుప్పిట మీద ఒకరి కళ్ళు. పెద్ద బావైతే నా పరికిణీ కుచ్చిళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

“ఒసే, పరికిణీ దులుపు” అన్నాడు.

“ఒక్క పిక్కతో నానేటి సేసుకుంతాను?”

“నువ్వొచ్చినకాడ్నుంచే తగ్గతన్నాది.”

నేను వచ్చాకే ఆట మొదలైందన్న సంగతి ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. దులిపాను. ఏమీ రాలలేదు. అయినా నన్ను రామతీర్థం తీసుకెళ్ళొద్దని తీర్మానించారు. ఎవరూ లేనప్పుడు మళ్ళీ నా పరికిణీ నేనే దులుపుకుని చూసుకున్నాను. నా మీద నాకే అనుమానం వచ్చింది. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఇంటికి పోతానని బట్టలు మూటగట్టాను.

ఆ మూట చూసి తాతయ్య ముఖం పాలిపోయింది. అందర్నీ పిలిచి, పంచె రొండిలో దోపుకున్న పిక్కొకటి తీసి కుప్పలో పడేశాడు.

“దాన్నేటీ అనకండి. దొంగని నానే. మొత్తం రెండువేల అయిదొందల ఇరవై పిక్కలు. ఇద్దర్నుంచి పదిమంది దాకా ఎందరు కూకున్నా సమానంగా వస్తాది. ఒకటి తీసేస్తే ఎవులికీ సరిపోదు. మీరు నీడపట్టున ఉంతారని తీసినాను.”

ఆ మాటా మేం నమ్మలేదు. జ్వరం తగ్గినవాణ్ణీ కలుపుకుని ఆరుగురం పంచుకున్నాం, సరిపోయింది. ఒకణ్ణి లేపేసి పంచుకున్నాం, సరిపోయింది. బావ గచ్చు మీద బొగ్గుతో ఏడుకీ, తొమ్మిదికీ భాగించి చూశాడు. ఏమీ మిగల్లేదు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, తాతయ్య మీద కోపం వచ్చింది. ఆయనకది తెలుసు. రామతీర్థం కొండ ఎక్కినంతసేపూ నా చెయ్యి వదల్లేదు. నేను మాత్రం ఆయన రొండి వైపే చూస్తూ ఎక్కాను.

ఇప్పటికీ మా ఇంట్లో ఒక చెంచా కనబడకపోతే అందరి కళ్ళూ పనమ్మాయి కొంగు మీదికి పోతాయి. నావి పోవు. అసలు ఎన్ని ఉండేవి, ఆ లెక్క చెప్పిందెవరు అని అడుగుతాను. చెప్పింది నేనే అయితే, ముందు నా కొంగే దులుపుతాను.