పోగుల వెనక తాత

ఆ కాలంలో ఫోటో దిగడమంటే మనిషికి జన్మకొకసారి జరిగే సంగతి. క్షౌరం, తలంటు, ఉతికిన చొక్కా, ఇంట్లో పెద్దల అనుమతి, ఇన్నీ సమకూరాక కెమెరా ముందుకు వచ్చిన మనిషి ముఖం కోర్టులో తీర్పు వినబోయేవాడి ముఖంలా ఉండేది. పైగా అవి యుద్ధం రోజులు. ఫిల్ము దొరికితే కళ్లకద్దుకునేవాళ్లం. అటువంటి రోజుల్లో ఒక చుట్ట ఫిల్మును ఎండు మిరపకాయల మీదా కుండ మూతి మీదా వదిలించానంటే, నాకప్పుడు పదిహేడేళ్లని వేరే చెప్పనక్కరలేదు.

ఆదోనిలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది. ఆయన కళాసూత్రం ఒకటే: ఫోటోలో రెండు చెవులూ కనపడాలి. (ఒక చెవి తగ్గితే చుట్టాలు గుర్తుపట్టరని ఆయన భయం.) నా దురదృష్టం కొద్దీ, ఫోటోలు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత కాగితాల కట్టలో ఏదో దొరల పత్రిక దొరికింది. అందులో ఫోటోలున్నాయి గానీ అవి దేని ఫోటోలో తెలియదు. మెట్లు కావచ్చు, దువ్వెన కావచ్చు, గీతలూ నీడలూ తప్ప ఏమీ లేవు. కింద రాసింది అర్థం కాలేదు, పైనున్న బొమ్మా అర్థం కాలేదు. కనుక అది చాలా గొప్పదని నాకు వెంటనే తేలిపోయింది.

అంతలో ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు వచ్చాడు. తన తండ్రికి ఎనభై దాటాయి, ఆయనది ఒక్క ఫోటో తీయించి పెట్టుకోవాలని కొడుకు ఆశ. ముసలాయనకేమో ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని గట్టి నమ్మకం. ఆయన తమ్ముడు ఫోటో దిగిన ఏడాదికే పోయాడట. (తమ్ముడికి అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్లు, ఆ సంగతి లెక్కలోకి రాలేదు.) ఏడాది పాటు బతిమాలితే ఒక్కసారికి, ఒకే ఒక్కసారికి ఒప్పుకున్నాడట. ఉస్తాద్‌కు ఆ రోజు జ్వరం. డబ్బా కెమెరా, ఎనిమిది బొమ్మల ఫిల్మూ నా చేతికిచ్చి, పోయి ముసలాయన ఫోటో తీసి రమ్మని, చెడగొడితే మళ్లీ స్టూడియో గడప తొక్కొద్దని చెప్పి పంపాడు.

ఎమ్మిగనూరు చేరేసరికి ముసలాయన ఇంకా తలంటు పోసుకుంటున్నాడు. మనిషికి ఒక్క ఫోటో చాలు, మిగతా ఏడూ కళకు అని నేనే తీర్పిచ్చుకున్నాను. మంచం నులక నీడ, కుండ మూతి, మిరపకాయల కుప్ప, పెంకుల వరస, చీపురు, ఒక చెప్పు, ఇలా ఆరు తీశాను. మరీ దగ్గరికి పోతే ఆ కెమెరాలో మసక వస్తుంది. మసకే కళ అనుకున్నాను. ఏడోది వీధి పొడుగునా సాగదీసి గంజి పెడుతున్న పడుగు, అంటే నేతకు ముందు నిలువు దారాలు. ఎండలో వందల తెల్లటి పోగులు మెరుస్తున్నాయి. మీట నొక్కానో లేదో, తాత కూర్చున్నాడు, మనసు మారకముందే రమ్మని కొడుకు కేక. పరిగెత్తాను. గడప ముందు నీడలో స్టూలు మీద ముసలాయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. రెండు చెవులూ సరిచూసి నొక్కాను. ఆయన మరుక్షణమే లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

తర్వాత ఫిల్ము తిప్పితే, కెమెరా వెనక బొమ్మల లెక్క చూపించే ఎర్రటి కిటికీలో ఎనిమిదో అంకె వచ్చింది. ఎనిమిదీ అయిపోయాయనుకున్నానే! అక్కడైనా నాకు అనుమానం రావాలి. కంపెనీవాడు ధర్మానికి ఒకటి ఎక్కువ చుట్టాడనుకొని, దాన్ని ఒక బర్రె వీపు మీద వాడేశాను.

చీకటిగదిలో నిజం బయటపడింది. పడుగు తీశాక ఫిల్ము తిప్పడం మరిచి, దాని మీదనే తాతను తీశాను. ముఖమంతా పోగులు. ఒక కన్ను, సగం ముక్కు, మీసంలో ఒక చివర, అంతే. చెవుల జాడే లేదు. ఉస్తాద్ అన్నిటినీ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు.

"ఎనిమిది బొమ్మలకు ఒక్క మనిషి," అన్నాడు. "ఆ ఒక్కణ్నీ జైల్లో పెట్టినావు కదరా."

ఎమ్మిగనూరుకు ఇద్దరం కలిసి పోదామన్నాడు. ఇచ్చేది మాత్రం నా చేతులతోనే ఇవ్వాలట. పెట్రోలు కరువుకు బొగ్గు పొగతో నడిచే బస్సు దారిలో ఆగింది. ఇదే అదను, గుంతకల్లుకు పారిపోయి రైళ్లలో మాయమైపోదామని దిగాను. దిగినవాణ్ని బస్సు వెనక బొగ్గు పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పమన్నారు. తిప్పి, చెమట తుడుచుకుని, మళ్లీ ఎక్కి కూర్చున్నాను.

ఫోటో చూసి కొడుకు ముఖం మాడిపోయింది. ముసలాయన దాన్ని కళ్ల దగ్గరికి తీసుకొని, దూరంగా పెట్టి, ఎండలోకి తిప్పి చూశాడు. నేను ఉద్యోగానికి మనసులో దండం పెట్టుకున్నాను.

"నేను యాడుండానప్పా ఇందులో?"

"పోగుల ఎనకాల ఉండావు నాయనా," అన్నాడు కొడుకు, నన్ను కొరకొరా చూస్తూ.

"అంటే మిషను నాదాకా రాలేదు."

ముసలాయన ముఖంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి.

"పడుగు అడ్డం పడింది," అన్నాడు. "ఒక కన్ను, సగం ముక్కు. ఇంతమాత్రానికి పోయే ఆయుస్సు పోనీలే." మూడు రోజులుగా తనకు నిద్రా తిండీ లేవని, ఇప్పుడు సద్ది తెమ్మని కోడలికి కబురు పంపాడు. ఆ తర్వాత ఫోటోలో గోరు పెట్టి చూపిస్తూ, "ఈ పడుగు మనది కాదు, పక్కింటోళ్లది. సూడు, ఈడ రెండు పోగులు వదులుగా ఉండాయి," అన్నాడు. తన ముఖం సంగతి మళ్లీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో ఉస్తాద్, "ప్రతిసారీ ఇట్లాంటి తాత దొరకడు, బేటా," అన్నాడు. నా ఉద్యోగం మిగిలిందని అలా తెలిసింది.

ముసలాయన ఇంకో ఏడేళ్లు బతికాడు. ఆ ఘనత నాకే దక్కింది. ఎమ్మిగనూరు నుంచి ముసలివాళ్లు వచ్చి, మాకూ పోగుల ఫోటోనే తియ్యి, ప్రాణానికి మంచిదంట అని అడిగేవాళ్లు. కావాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. పోగులు కుదిరితే ముఖం పోయేది, ముఖం కుదిరితే రెండు చెవులతో సహా వచ్చేది.

ఇప్పుడు నాకూ ఒక స్టూడియో ఉంది. నేనూ చెవులు సరిచూసే నొక్కుతున్నాను. మొన్న పెట్టె సర్దుతుంటే ఆనాటి మిగతా ఫోటోలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి నాలుగు వైపులా తిప్పి చూశాను. చీపురో, పెంకులో, బర్రె వీపో తేల్చుకోలేకపోయాను. ఇదేమిట్రా అని ఆ పదిహేడేళ్లవాణ్ని అడగాలనిపించింది. వాడికి తప్పకుండా తెలుసు. చెవులు లెక్కపెట్టుకునే నాబోటివాడికి చెప్పినా అర్థం కాదని మాత్రం మొహం మీదే అనేసి, కెమెరా తగిలించుకుని వెళ్లిపోయేవాడు.